గొడవలు జరిగిన ఊళ్ళ మీదుగా శాంతి పాదయాత్ర: ఎంతమంది, ఎంత దూరం, ఎక్కడ ఆగాలి?

చెరువుకట్ట
మా మండలంలో పక్కపక్క ఊళ్ళు రెండు కొట్టుకున్నాయి. దళితవాడలో ఇళ్ళు కాలాయి, ఒక ప్రాణం పోయింది. ఇప్పుడు పోలీసు పికెట్ పెట్టారు కాబట్టి చెయ్యి లేవట్లేదు, అంతే. ఇటువాళ్ళు అటు సంతకి పోవట్లేదు, అటు పిల్లలు ఇటు హైస్కూలుకి రావట్లేదు. కొందరు పెద్దలు, ఇద్దరు టీచర్లు, పాస్టరు గారు, పూజారి గారు కూర్చుని ఏడు ఊళ్ళ మీదుగా ఐదు రోజులు కాలినడకన తిరగాలనుకుంటున్నారు. నినాదాల ఊరేగింపు కాదు, యాత్రలాగా, ప్రార్థనలాగా. నావి రెండు సందేహాలు. నడిస్తే హింస తగ్గుతుందా, లేక మన మనశ్శాంతి కోసం మనం నడిచినట్టవుతుందా? చెయ్యాలంటే ఎలా చెయ్యాలి? ఎంతమంది, రోజుకి ఎంత దూరం, ఎక్కడ దెబ్బతింటుంది? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

నల్లమల_బాట
పాదయాత్ర అనగానే "ఏ పార్టీ?" అని అడుగుతారు. మొదటి చిక్కు అదే. జెండా, కండువా, ఫ్లెక్సీ మూడూ వద్దు. ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో పెద్దది అన్న దగ్గరే ఇంకో తగాదా లేస్తుంది.

పోచంపల్లి_మగ్గం
మొదటి సందేహానికి మన దగ్గరే జవాబుంది. 1951లో తెలంగాణ పల్లెలు ఎట్లుండెనో తెలిసిందే. పగలు పోలీసు క్యాంపు, రాత్రి కమ్యూనిస్టుల దళం, మధ్యల రైతు. ఆ ఏప్రిల్ల హైదరాబాదు పక్కన శివరాంపల్లిల సర్వోదయ సమ్మేళనం పెట్టిన్రు. గాంధీ శిష్యుడు వినోబా భావే వార్ధా దగ్గరి పౌనార్ నుంచి దానికి నడుచుకుంటనే వచ్చిండు. అయిపోయినంక రైలెక్కలే. జైలుకు పోయి కమ్యూనిస్టు ఖైదీలతోని మాట్లాడి, ఏప్రిల్ 15న నల్గొండ దిక్కు నడక మొదలుపెట్టిండు. 18న పోచంపల్లి. అక్కడ ముందుగాల పోయింది దొర గడీకి కాదు, హరిజనవాడకు. ఏం గావాలె అని అడిగిండు. 40 కుటుంబాలు, 80 ఎకరాలు గావాలె, సగం తరి, సగం మెట్ట అన్నరు. సర్కారుకు రాస్త గని, ఊర్లె ఎవరన్న ఇస్తరా అని సభల అడిగిండు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలిస్త అన్నడు. అక్కడి నుంచి 51 రోజులు తెలంగాణ పల్లెలు తిరిగితే 12 వేల ఎకరాల దాకా వచ్చింది.

భూదానం అనే పథకం రాసుకొని నడువలేదు ఆయన. హింస యాడ ఉందో ఆడికి పోతే, అది దేని మీద నిలబడ్డదో కనబడ్డది. చెరువుకట్ట గారూ, మీరు గూడ "శాంతి" అని ముందే బోర్డు రాసుకోని పోకుండ్రి. పోయి అడుగుండ్రి.

వాడగొంతు
మగ్గం గారు సగమే చెప్పారు. దేశమంతా 13 ఏళ్ళు తిరిగితే 40 లక్షల ఎకరాల పైచిలుకు మాట ఇచ్చారు. అందులో చాలా భాగం పేదవాడి చేతికి రానే లేదు. వచ్చినదాంట్లో రాళ్ళ భూమి, వాగు కోసిన భూమి, కోర్టు తగాదాలో ఉన్న భూమి ఎంతో. హైదరాబాదు చుట్టుపక్కల భూదాన్ భూములు ఎవరి చేతుల్లోకి పోయాయో రోజూ పేపర్లో చూస్తూనే ఉన్నాం. నడిచినాయన మంచివాడే. ఆయన దాటిపోయాక ఊళ్ళో మళ్ళీ అదే కరణం, అదే పటేల్.

అసలు సంగతి ఇంకోటుంది. దాడి జరిగిన వాడకి "శాంతి యాత్ర" వస్తోందంటే వాళ్ళకి వినిపించేది ఒక్కటే, కేసు రాజీ చేసుకోమంటారు. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసు ఉంటే మరీను. పాస్టరు, పూజారి, పెద్దలు అంతా కట్టగట్టుకుని వచ్చి గుమ్మంలో కూర్చుంటే, వాళ్ళు నోరు విప్పకపోయినా అది ఒత్తిడే.

పాతకాగితాలు
వాడగొంతు గారి రెండు మాటలూ నిజం. రెండోదాని గురించి నోవాఖాలీ (అప్పటి బెంగాల్, ఇప్పటి బంగ్లాదేశ్) చూడాలి. 1946 అక్టోబరు 10న అక్కడ హిందువుల మీద మారణకాండ మొదలైంది. నవంబరులో గాంధీ వెళ్ళాడు, వయసు 77. మొదట నడవలేదు. శ్రీరాంపూర్ అనే ఊళ్ళో ఆరు వారాలు ఒక్కచోటే ఉన్నాడు. తన బృందాన్ని విడగొట్టి ఒక్కొక్కరిని ఒక్కో ఊళ్ళో ఉంచాడు. ప్యారేలాల్ ఒకచోట, సుశీలా నయ్యర్ ఒకచోట, అమ్తుస్సలాం ఒకచోట. ఆయన దగ్గర మిగిలింది దుభాషీగా నిర్మల్ కుమార్ బోస్, సేవకి మను, ఇంకో ఒకరిద్దరు. 1947 జనవరి 2న గానీ నడక మొదలుకాలేదు. చెప్పుల్లేకుండా 47 ఊళ్ళు, 116 మైళ్ళు, ఏడు వారాలు. లెక్క వేయండి, రోజుకి నాలుగు కిలోమీటర్లు కూడా రాదు! కాళ్ళకి అది గంట పని. మిగతా రోజంతా ఆ ఊళ్ళో కూర్చోవడమే. దారిలో గాజుపెంకులు, ముళ్ళు, మలం వేసేవాళ్ళు. ఆగి శుభ్రం చేసి ముందుకెళ్ళేవారు. వెదురు వంతెనలు దాటడం ముందే సాధన చేశాడు, ఒక్కటే బొంగు మీద నడవాలి కాబట్టి.

అప్పుడు వాళ్ళు చేసింది రాజీ కుదర్చడం కాదు. పారిపోయినవాళ్ళు తిరిగి తమ ఊళ్ళో బతకగలరా, వాళ్ళని కాచే పూచీ ఎదుటి మతంవాళ్ళు తీసుకుంటారా అన్నదే ప్రశ్న. ఊరూరా ఒక మనిషి మిగిలి ఉన్నాడు కాబట్టే ఆ ప్రశ్న అడిగే హక్కు వచ్చింది. మీ ఐదు రోజుల పథకంలో ఆ మనిషి ఎవరు? ఏడు ఊళ్ళకీ పేర్లున్నాయా?

చెరువుకట్ట
లేవండి. ఆ ఆలోచనే రాలేదు. మేం రోజుకి 20 కిలోమీటర్లు లెక్క వేసుకున్నాం.

నల్లమల_బాట
ఎండాకాలం, గుంపుతో, 20? వద్దు. ఒక్కడే అయితే గంటకి ఐదు కిలోమీటర్లు పోతాడు. 30 మంది కలిస్తే మూడున్నర దాటదు. ప్రతి గంటకీ పది నిమిషాలు ఆపాలి. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరి ఎనిమిదిన్నరకి చేరాలంటే 10-12 కిలోమీటర్లే హద్దు. వినోబా మూడింటికి లేచి ప్రార్థన చేసుకుని, లాంతరు వెలుగులో బయల్దేరేవాడు. రోజుకి 10-12 మైళ్ళు నడిచేవాడు గానీ అది ఏళ్ళ తరబడి నడిచిన కాళ్ళ లెక్క. మీకు రోజుకి 8 చాలు. ఏడు ఊళ్ళు ఐదు రోజుల్లో కాదు, ఏడు రోజులు పెట్టుకోండి. ఊరికో రాత్రి.

వరుసలో అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళని ముందు నుంచి రెండో స్థానంలో పెట్టండి. వెనక పెడితే వాళ్ళు రోజంతా పరిగెత్తుతూనే ఉంటారు. సన్నని కల్వర్టు దాటాక ముందున్నవాడు మామూలు వేగంతో పోతే వెనకవాడికి వంద గజాల ఖాళీ వస్తుంది. వెనక నుంచి ఈల వినిపించేదాకా ముందువాడు నత్తనడక నడవాలి. ఒక ఈల ఆగమని, రెండు ఈలలు కదలమని. అంతకంటే ఎక్కువ గుర్తులు పెడితే ఎవరికీ గుర్తుండవు.

మందులపెట్టె
కాళ్ళ సంగతి నేను చెప్తా. యాత్రలు ఆగిపోయేది సిద్ధాంతాల వల్ల కాదు, బొబ్బల వల్ల. కొత్త బూట్లు, కొత్త చెప్పులు వద్దే వద్దు. కనీసం నెల రోజులు తొడిగినవే వేసుకోండి. మధ్యాహ్నానికి పాదం వాస్తుంది కాబట్టి వేళ్ళ ముందు బొటనవేలంత కాకపోయినా అరంగుళం ఖాళీ ఉండాలి. బొబ్బ రాకముందు ఆ చోట మంటగా, వెచ్చగా అవుతుంది. ఆ క్షణమే ఆగి మైక్రోపోర్ టేపు ముడత లేకుండా అంటించాలి. "ఊరు చేరాక చూద్దాం" అంటే చేరేసరికి బొబ్బే. చిన్నది అయితే ముట్టుకోవద్దు. పెద్దదై నడవనివ్వకపోతే, సబ్బుతో కడిగి, శుభ్రమైన కొత్త సూదితో అంచున పొడిచి నీరు తీసి, పైతోలు అలాగే ఉంచి కట్టు కట్టాలి. తోలు పీకితే పుండు. షుగర్ ఉన్నవాళ్ళ బొబ్బ ఎవరూ పొడవొద్దు, నేరుగా పీహెచ్‌సీకి. వాళ్ళకి ఉత్తకాళ్ళ నడక కూడా కూడదు. అలిపిరి మెట్లు ఎక్కాం, ఏమీ కాలేదు అంటారు. ఆ మెట్ల దారికి చాలాదూరం కప్పు ఉంది. ఏప్రిల్ తారు రోడ్డు అలా కాదు.

నీళ్ళు మనిషికి గంటకి అరలీటరు నుంచి ముప్పావు. నాలుగు గంటలకి రెండున్నర లీటర్లు వేసుకోండి. 30 మందికి 75 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు నాలుగు. ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీటికి ఒకటి, సగం ప్యాకెట్ గ్లాసులో కలపడం తప్పు. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటికి చదునుగా ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. ఉప్పు అంతకు మించొద్దు. ఉప్పేసిన పలుచటి మజ్జిగ కూడా మంచిదే. ఎవరైనా తికమకగా మాట్లాడినా, తూలినా, ఒళ్ళు కాలిపోతున్నా నడిపించకండి. నీడలో పడుకోబెట్టి ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరండి, 108కి ఫోన్ చెయ్యండి. అప్పుడు నోట్లో నీళ్ళు పొయ్యొద్దు.

కృష్ణలంక_రాజు
మజ్జిగ అన్నారు కాబట్టి అడుగుతున్నా, పెరుగన్నం కూడా మందులపెట్టెలోనే పెట్టుకోవచ్చా 😀

మందులపెట్టె
వండిన గంటలో తింటే పెట్టుకోండి. ఎండలో మూడు గంటలు క్యారియర్లో మోస్తే మాత్రం మొత్తం యాత్ర ఒకే చెట్టు చాటుకి పరిగెడుతుంది.

డాలస్_సుబ్బు
బౌద్ధ భిక్షువులు 2025 అక్టోబరులో మా పక్కన ఫోర్ట్‌వర్త్ నుంచి వాషింగ్టన్ దాకా శాంతి కోసం నడక మొదలుపెట్టారు, దాదాపు 2,300 మైళ్ళు. ఇండియా నుంచి వచ్చిన అలోక అనే కుక్క కూడా వాళ్ళతో నడిచింది. మా తెలుగువాళ్ళు కూడా దారి పక్కన నిలబడి పూలు, నీళ్ళు ఇచ్చారు. నవంబరులో టెక్సస్‌లోనే ప్రమాదం జరిగింది. రక్షణకని వెనక మెల్లగా వస్తున్న వాళ్ళ సొంత వాహనాన్ని ఒక ట్రక్కు గుద్దింది, ఆ తాకిడికి భిక్షువులు గాయపడ్డారు. ఒకాయన కాలు తీసేయాల్సి వచ్చింది. అయినా నడక ఆపలేదు. మీరు నీళ్ళ ఆటోని వరుస వెనక అంటిపెట్టుకుని నడపకండి.

నల్లమల_బాట
సుబ్బు గారు చెప్పింది రాసిపెట్టుకోండి. ఆటో రెండు కిలోమీటర్లు ముందుకెళ్ళి, రోడ్డు దిగి ఆగి ఉండాలి. కాలిబాట లేని రోడ్డు మీద మనం కుడివైపు, ఎదురొచ్చే బండి కనపడేలా, ఒకరి వెనక ఒకరు నడవాలి. ముందు 50 గజాల్లో ఒకరు, వెనక 50 గజాల్లో ఒకరు మెరిసే జాకెట్టు, టార్చితో. హైవే అసలు వద్దు, పుంతదారి దొరికితే అదే మేలు.

రిటైర్డ్_హెచ్‌సీ
అనుమతి మాట ఎవరూ ఎత్తలేదు. పికెట్ ఉందంటే గుంపులు కూడొద్దనే ఉత్తర్వు (పాత 144, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 163 సెక్షన్) ఉండొచ్చు, ఊరేగింపులని అదుపు చేసే పోలీసు యాక్టు 30 కూడా ఉండొచ్చు. ముందు అది కనుక్కోండి. అమల్లో ఉంటే దాటుకుని పోవద్దు, రాతపూర్వక అనుమతి అడగండి. దరఖాస్తులో రోజువారీగా ఊరు, బయల్దేరే టైము, చేరే టైము, దారి, రాత్రి బస, మనుషుల సంఖ్య, ఇద్దరి ఫోన్ నంబర్లు, మైకు లేదు అన్న మాట ఉండాలి. డీఎస్పీ ఆఫీసులో ఒకటి, దారిలోని ప్రతి స్టేషన్లో ఒకటి ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. సంఖ్య 30 అని రాసి 300 మంది వస్తే మరునాడే ఆపేస్తారు. తేదీలు చూసుకోండి. శ్రీరామనవమి, వినాయక నిమజ్జనం, మిలాద్, పీర్ల పండగ, ఎన్నికల కోడ్, వీటి దగ్గర్లో వద్దు. గుడి, మసీదు, చర్చి ఏదైనా సరే, వంద గజాల ముందు నుంచి వంద గజాల తర్వాత దాకా భజన కూడా ఆపాలి.

పోచంపల్లి_మగ్గం
పీర్ల పండుగ మాట ఒక్కటి ఒప్పుకోను. మా దిక్కు పీర్లు ఎత్తేది హిందువులు గూడ. కలిసి చేసే పండుగున్న ఊర్లె ఆ రోజే నడిస్తే తప్పేంది?

రిటైర్డ్_హెచ్‌సీ
మామూలు రోజుల్లో తప్పు లేదు. రక్తం కారిన ఏడు మాత్రం ఊరేగింపు రోజున ఇంకో గుంపుని రోడ్డెక్కించకూడదు. అప్పుడు పుకారు ఒక్కటి చాలు.

పాతకాగితాలు
రక్షణ గురించి కాంబోడియా సంగతి చెప్పాలి. 1992లో మహా ఘోసానంద అనే భిక్షువు థాయ్ సరిహద్దు నుంచి శరణార్థులతో కలిసి నాంపెన్ దాకా నడిచాడు. ఆ నడకని ధమ్మయాత్ర అన్నారు. యుద్ధం పూర్తిగా ఆగలేదు, దారి పక్కన మందుపాతరలు. ఊళ్ళలో జనం బకెట్లలో నీళ్ళు, చేతిలో అగరొత్తులు పట్టుకుని తెల్లవారుజామునే వాకిట్లో నిలబడేవాళ్ళు. భిక్షువులు ఆ నీళ్ళు చల్లుతూ పోయేవారు. ఏళ్ళ తరబడి విడిపోయిన చుట్టాలు ఆ వరుసలో ఒకరినొకరు గుర్తుపట్టుకున్నారు. 1994లో బట్టంబాంగ్ వైపు వెళ్ళినప్పుడు రెండు సైన్యాల కాల్పుల మధ్య చిక్కుకుని ఒక భిక్షువు, ఒక సన్యాసిని చనిపోయారు. ఆ తర్వాత నడిచే ప్రతి ఒక్కరికీ ముందస్తు శిక్షణ తప్పనిసరి చేశారు, తుపాకీ ఉన్నవాళ్ళని వరుసలోకి రానివ్వకూడదన్న నియమం గట్టిగా పాటించారు. తుపాకీ పక్కనుంటే మనం కూడా ఒక పక్షం అయిపోతాం, ఎదుటివాడి గురి మన మీదికి వస్తుంది.

హెచ్‌సీ గారూ, పోలీసులకి చెప్పడం సరే. పికెట్ వాళ్ళు వరుసకి అరకిలోమీటరు దూరంలో ఉండేలా అడగొచ్చా?

రిటైర్డ్_హెచ్‌సీ
అడగొచ్చు. నిర్ణయం ఆ ఎస్సైది. వాడలోకి లాఠీలతో మీ వెంట రావద్దని మాత్రం గట్టిగా అడగండి. వాళ్ళు ఊరి మొదట్లో ఉంటే చాలు.

గోదారిగట్టు
భోజనాల సంగతి. ఊరికి ఒక పెద్ద ఇంట్లో 30 మందికి వండిస్తే అది ఆ ఇంటివాళ్ళ యాత్ర అయిపోతుంది. ఇంటికి ఇద్దరు చొప్పున 15 ఇళ్ళు. రెండు పక్షాల ఇళ్ళూ, వాడా, ఊరూ అన్నీ కలిపి. ఒకే ఇంటికి వెళ్ళే ఇద్దరూ ఒకే కులం కాకూడదు. ఈ జాబితా యాత్ర కంటే ముందురోజే ఇద్దరు ఆ ఊరికి వెళ్ళి తయారు చెయ్యాలి, ఊళ్ళోకి వచ్చాక పంచుకుంటే ఎవరికి వాళ్ళు తెలిసిన గడపకే పోతారు. కాలిన ఇళ్ళవాళ్ళకి భారం కాకుండా మనిషికి పూటకి 120 గ్రాముల బియ్యం, 50 గ్రాముల కందిపప్పు పొట్లం కట్టి పట్టుకెళ్ళి, వాళ్ళింట్లోనే వండుకుని కలిసి తినండి.

కృష్ణలంక_రాజు
గోదారిగట్టు గారి పాయింటు బాగుంది. ఇది ఒక్కటే చేసినా సగం యాత్ర అయినట్టే.

వాడగొంతు
ఊరివాళ్ళ ఇంట్లో వాడ మనిషికి వేరే గ్లాసు పెడితే?

గోదారిగట్టు
ఇద్దరూ లేచి బయటికి రావాలి. గొంతు పెంచకుండా, రాత్రి సభలో ఆ ఇంటి పేరు ఎత్తకుండా. మర్నాడు పొద్దున ముందురోజు వెళ్ళే ఇద్దరిలో పెద్దవాళ్ళు ఒకరు ఆ ఇంటాయనతో విడిగా మాట్లాడాలి. బయల్దేరేముందే అందరితో ఈ మాట ఒప్పించాలి, అక్కడ అప్పటికప్పుడు తేల్చుకుందాం అంటే కొందరు సర్దుకుపోతారు.

చెరువుకట్ట
రాత్రి సభ ఎలా నడపాలి? ఎవరు మాట్లాడాలి?

పాతకాగితాలు
మీరు మాట్లాడకండి, వినండి. వేదిక వద్దు, కుర్చీలు వద్దు, అందరూ నేల మీద. ముప్పావుగంట మించొద్దు. మొదటి ఐదు నిమిషాలు మౌనం, ఒక్కో మతంవాళ్ళ ప్రార్థన ఒక్కొక్కటి, తర్వాత ఊరివాళ్ళ మాట. ఆడవాళ్ళు ముందు. "అన్నీ మర్చిపోదాం" అన్న మాట ఎవరి నోటా రాకూడదు, పోగొట్టుకున్నవాళ్ళకి అది రెండో దెబ్బ. ఒకరు పుస్తకంలో రాసుకోవాలి: కాలిపోయిన రేషన్ కార్డు, ఆధార్, పట్టాదారు పాసు పుస్తకం, పదో తరగతి మార్కుల జాబితా, చేతికి రాని ఎఫ్‌ఐఆర్ కాపీ. ఇవన్నీ తిరిగి తెప్పించగలిగినవే. నడిచి వెళ్ళినవాళ్ళు పదిహేనో రోజుకి ఆ పుస్తకంతోనే తిరిగి రావాలి.

వాడగొంతు
ఆ పుస్తకంలో ఇంకో పేజీ పెట్టండి. సాక్షులని ఎవరైనా బెదిరిస్తున్నారా అన్నది. అట్రాసిటీ చట్టంలో 2015 సవరణతో వచ్చిన 15ఏ సెక్షన్ కింద బాధితులకీ సాక్షులకీ రక్షణ పొందే హక్కుంది. ఎస్సీ, ఎస్టీలకి, ఆడవాళ్ళకి జిల్లా న్యాయసేవాధికార సంస్థలో లాయరు ఉచితం, హెల్ప్‌లైన్ 15100. ఈ నంబరు సభలో చదవండి. యాత్ర కరపత్రంలో మొదటి వాక్యమే ఇలా ఉండాలి: "మేం ఏ కేసు గురించీ మాట్లాడం, రాజీ అడగం, ఎవరినీ అడగనివ్వం." అప్పుడు నా అభ్యంతరం సగం పోతుంది. మిగతా సగం ఊరికో మనిషి నిలబడ్డాక.

పోచంపల్లి_మగ్గం
దానికి వినోబా దగ్గర గూడ ఆధారముంది. 1957ల కేరళల శాంతిసేన మొదలుపెట్టింది ఇందుకే. నడిచేటోళ్ళు పోతరు, ఊర్లె ఉండి సేవ చేసేటోళ్ళు గావాలె, గొడవ లేచినప్పుడు మధ్యల నిలబడేటోళ్ళు వాళ్ళే. 1960 మేల చంబల్ లోయల 20 మంది దాకా బందిపోట్లు ఆయన ముందట తుపాకులు పెట్టిన్రు. ఆ తర్వాత వాళ్ళ కేసులు, వాళ్ళ పెండ్లాం పిల్లల బతుకు చూసేటోళ్ళు గావాల్సొచ్చింది. తుపాకీ దించుడు ఒక్కరోజు పని.

చెరువుకట్ట
ఐతే మార్పులు ఇవీ: ఏడు రోజులు, రోజుకి 8 కిలోమీటర్లు, 30 మంది, ఊరికో ఇద్దరు మిగిలే మనుషులు. వాడలో మొదలై వాడలోనే ముగియాలి అనుకుంటున్నాం. చనిపోయినాయన కుటుంబం అక్కడే ఉంది. వాళ్ళు రావద్దంటే?

నల్లమల_బాట
వద్దంటే దారి మార్చండి. ఆ వాడ లేకుండా మొదలుపెట్టండి, లేదా మొదలే పెట్టకండి. "మంచి పనికే కదా" అని ఒప్పించడానికి రెండోసారి పోవద్దు.

వాడగొంతు
అడగడానికి వెళ్ళే తీరు కూడా చూసుకోండి. పట్టపగలు, ముగ్గురికి మించకుండా, అందులో ఒకరైనా ఆడమనిషి. సర్పంచి వద్దు, పాస్టరు గారు కూడా ఆ రోజుకి వద్దు, ఆయన మాట కాదనలేరు. అడిగి వచ్చేయండి. వారం టైము ఇవ్వండి. జవాబు వాళ్ళే మీ దగ్గరికి పంపాలి.

చెరువుకట్ట
సరే. కరపత్రం ముసాయిదా రేపు ఇక్కడ పెడతాను, మొదటి వాక్యం మీరు చెప్పిందే. అందరూ ఒకసారి చూడండి.

మందులపెట్టె
కరపత్రం వెనకవైపు ఓఆర్ఎస్ కొలత వెయ్యండి, ఆ కాగితం ఇంట్లో నిలుస్తుంది. టేపు రోల్స్ పది కొనండి, నాలుగు సరిపోతాయి అని ఎవరైనా అంటే వినకండి.